సారలమ్మ కుట్టుమిషను బ్యాటరీ గురించి

నాచారం,
16-6-1993.

నర్సింగ్‌బాగ్ విద్యుత్ సెక్షన్ అధికారి గారికి,

అయ్యా,

విషయం: నా ఫిర్యాదుపై తమ సిబ్బంది తీసుకుపోయిన సోలార్ ప్యానెల్, బ్యాటరీ వాపసు ఇప్పించుట గురించి.

రైల్వేలో హెడ్ క్లర్కుగా రిటైరైన చలపతిరావు అను నేను విన్నవించుకొనునది:

1. మా వెనక ఇంట కొమురెల్లి, అతని అక్క సారలమ్మ ఉంటున్నారు. స్థలానికి పట్టా లేనందున వారికి కరెంటు కనెక్షన్ లేదు. అయినను ఏప్రిల్ నుండి ఆ ఇంట కుట్టుమిషను మోటారు చప్పుడు వినవచ్చుచున్నది. సారలమ్మకు చిన్ననాటి నుండి రెండు కాళ్లూ పనిచేయవు, మిషను తొక్కలేదు. కావున నా మీటరు నుండే కరెంటు లాగుచున్నారని అనుమానించితిని. వారం రోజులు పూటపూటకూ రీడింగు రాసుకున్నాను. తేడా రాలేదు. దానితో అనుమానం ఇంకా పెరిగినది.

2. తమకు ఫిర్యాదు చేసితిని. తమ లైన్‌మన్ వచ్చి రేకుల మీది ప్యానెల్‌ను, బ్యాటరీని ఊడదీసినాడు. ఎండతోనే బ్యాటరీ నిండుచున్నదని, దొంగ కరెంటు ఏమీ లేదని అతడే నాతో చెప్పినాడు. మరి ఎందుకు తీసుకుపోయినట్లు?

3. క్షమాపణ చెప్పుకొనుటకు వారింటికి వెళ్లితిని. బడులు తెరిచే రోజులు. సగం కుట్టిన యూనిఫారాలు కుప్పగా పడి ఉన్నవి. ఫ్యాక్టరీ పాత సామాను వేలంలో ప్యానెల్ కొన్న కాగితం కొమురెల్లి చూపినాడు. దానిని వెలుతురుకు పెట్టి రెండుసార్లు చదివితిని. సారలమ్మ నన్ను కూర్చోమనలేదు.

“ఒక్కమాట అడిగితే నేనే సూపెడ్తుంటి గద సారూ! ముప్పై ఏండ్లు ఎవరన్న పెడితే తిన్న. గీ రెండు నెలల సంది జనం నన్ను ఎతుక్కుంట వస్తున్రు. ‘సారలమ్మక్కా, నా జాకిట్ అయిందా’ అని అడుగుతున్రు. గిప్పుడు మళ్ల తలుపేసుకొని కూసున్న.”

కాగితం కొమురెల్లికి తిరిగి ఇచ్చి వచ్చితిని.

4. నిన్న తమ కార్యాలయమునకు వచ్చితిని. కరెంటు పోయి గుమాస్తాలు ఫైళ్లతో విసురుకొనుచున్నారు. తమ బల్ల మీద మాత్రం లారీల్లో పెట్టుకునే చిన్న ఫాను తిరుగుచున్నది. బల్ల కింద బ్యాటరీ ఉన్నది. దానిపై ఎర్రరంగుతో సారలమ్మ అని రాసి ఉన్నది. ఆ పేరు గలవారు తమ కార్యాలయంలో ఎవరూ లేరని విచారించి తెలుసుకున్నాను.

కావున రెండు వస్తువులూ వెంటనే వాపసు ఇప్పించనిచో నా అనుమానమును పై అధికారులకు రాయవలసి వచ్చునని చిత్తగించవలెను.

అనుమానం తీరనప్పటికీ,
తమ విధేయుడు,
చలపతిరావు.

తా.క.: అర్జీ ఇద్దామని వస్తే తమరు భోజనానికి వెళ్లారన్నారు. బ్యాటరీ నేనే రిక్షాలో వేసుకుని తీసుకుపోతున్నాను. కేసు పెట్టదలిస్తే నా పేరు పైనే ఉంది. ప్యానెల్ కోసం రేపు సారలమ్మను వెంటబెట్టుకుని వస్తాను. ఆమె మెట్లు ఎక్కలేదు. తమరే కిందికి దిగి రావాలి.