ఇంట్లో కోటు

లెసియెలి గారికి,

మీరు అద్దెకుంటున్న మా ఇంట్లో గదులు వెచ్చబెట్టే కట్టెల పొయ్యి గొట్టం మసితో పూడిపోయిందనీ, చలి ముదరకముందే దులిపించమనీ మార్చిలోనే, ఇక్కడి ఆకురాలు కాలం మొదట్లోనే అడిగారు. "ఇంకో స్వెట్టర్ వేసుకోండి, ఈ ఒమరూ ఊళ్ళో మేమంతా అలాగే పెరిగాం" అన్నాను.

నిన్న ఇల్లు చూడడానికి వచ్చి మీ వంటింట్లో కూర్చున్నప్పుడు మీ పాప సేయిని నన్ను అడిగింది కదా, "లోపలికొచ్చేశావుగా బామ్మా, కోటు విప్పవా?" అని. "వెంటనే వెళ్ళిపోవాలమ్మా" అన్నాను. ఆ తరవాత రెండు కప్పులు టీ తాగాను, కోటుతోనే. మీరు తల దించుకున్నారు. దించుకోవలసింది నేను.

మంగళవారం గొట్టం దులిపే మనిషి వస్తాడు. ఎండు కట్టెలు మా షెడ్డులోవి పంపుతున్నాను.

పొయ్యి వెలిగించాక, మీకు మనసొప్పితేనే పిలవండి. కోటు గుమ్మం దగ్గరే విప్పుతానని సేయినికి చెప్పండి.