నొక్కి వదిలితే ఆగాలి

నవంబరు 12, బుధవారం. మబ్బుగా ఉంది, వాన లేదు. పికప్ వెనక భాగం నీచు పోయేదాకా కడిగాను.

ఉదయం యారాడ కొండ దిగుతుంటే మలుపులో బండి పక్కకు జరిగింది. చేపల గంపలతో వచ్చిన పైడమ్మ, "తమ్ముడూ, మా పడవే నయం" అంది.

ఇన్నాళ్లూ బండి ఎగిరినప్పుడల్లా ఇంకో ఐసుపెట్టె ఎక్కించి అణిచేవాణ్ణి. ఆటోనగర్‌లో మెకానిక్ బండి మూల గట్టిగా నొక్కి వదిలాడు. ఊగుతూనే ఉంది.

"ఒక్కసారి లేచి ఆగిపోవాల బావా. బరువేస్తే ఊగుడు కనబడదు గాని, సచ్చిన షాకులు లేస్తాయేటి? మార్సీ."

కొత్త షాక్ అబ్జార్బర్లు ఎల్లుండి వస్తాయట. రేపు కొండెక్కనని పైడమ్మకు ఫోన్ చేశాను.

"మరి నా సేపలేటి సెయ్యాల?" అంది.

వేరే బండి మాట్లాడానన్నాను. నిజానికి ఇంకా ఎవరితోనూ మాట్లాడలేదు. ముందు ఆ ఫోన్ చెయ్యాలి.