తకిట తకిట తక

అన్నయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళ పడ్డ అసహ్యం నీకు కాక ఎవరికి చెప్పను?

తాళం విరిచి నడిచే తొలినాటి అమెరికా రాగ్‌టైమ్ బాంజో రికార్డులు విని, ఇప్పటివాళ్ళు వాయించుకునేలా స్వరాలు రాశావు కదా. వాటి పైన మన మృదంగం జతులు కూడా రాశావు. ఆ విరుపు నడక అలాగైతేనే చేతికి పడుతుందని, నువ్వే నెమ్మదిగా వాయిస్తూ, నోటితో జతులు చెబుతూ రికార్డు చేశావు.

నీ శిష్యుడు కిరణ్ వాటిని కొత్తగా అచ్చువేస్తున్నాడు. ఇక్కడ సింగపూర్‌లోనే, పుంగ్గోల్‌లో వాడి ఫ్లాట్‌కి వెళ్ళాను. జతులన్నీ తీసేశాడు.

"ఇక్కడివాళ్ళు కన్ఫ్యూజ్ అవుతారక్కా. రికార్డింగ్‌లో నాయిస్ కూడా క్లీన్ చేసేశా, వినండి," అన్నాడు గొప్పగా.

విన్నాను. బాంజో తోమిన స్టీలు గిన్నెలా మోగింది. ఫ్యాను రొద లేదు. నీ గొంతూ లేదు.

"మా అన్నయ్య గొంతు నాయిసా?" అన్నాను.

"అది కాదక్కా, ట్యూన్ ముఖ్యం కదా," అంటూ బాంజో తీసి వాయించి చూపించాడు. విరుపు దగ్గరికి రాగానే వాడి పెదాలు వాటంతటవే కదిలాయి.

తకిట తకిట తక.

వాడి నోటినిండా నువ్వే ఉన్నావు. నిన్నే నాయిస్ అన్నాడు, వెధవ.