మోగని కప్పు

సార్నియా, నవంబర్ 14, రాత్రి

ఇంటి ఓనరు డోరీన్ గారు సామాను సర్దుకుంటుంటే సాయానికి పైకి వెళ్లాను. వచ్చే నెల మిల్టన్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారు. ఇల్లు అమ్మేస్తే బేస్‌మెంట్‌లో ఉన్న మా నలుగురికీ మళ్లీ రూము దొరుకుతుందా? కాలేజీ నిండా రూముల కోసం తిరిగేవాళ్లే.

ఆవిడ పుట్టింది ఇంగ్లండ్‌లోని స్టోక్‌లో. అప్పట్లో ఊరంతా పింగాణీ బట్టీలే, ఆరేసిన బట్టలు పొగకి నల్లబడేవట. ఇప్పుడు ఆ బట్టీలు ఆరిపోయాయి. అలవాటు మాత్రం పోలేదు. భోజనానికి ఎక్కడికి వెళ్లినా ఆ ఊరివాళ్లు ప్లేటు తిరగేసి, అడుగున ముద్రని బట్టి ఎవరి తయారీయో చూస్తారు. మొన్న ఆవిడ నా పప్పన్నం ప్లేటు కూడా ఎత్తి అడుగు చూశారు!

"మా అమ్మది, నువ్వుంచుకో," అంటూ ఒక కప్పు ఇచ్చారు. మా ఊరి సంతలో మా అమ్మ కుండ బేరం చేసేటప్పటిలా, వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాను. ఆవిడ సర్దడం ఆపేశారు.

"ఫ్యాక్టరీలో మా అమ్మ పని అదే. బట్టీలోంచి వచ్చిన ప్రతి కప్పూ, కనపడని పగులుందేమోనని అలాగే కొట్టి చూసేది."

ఖంగుమనాల్సిన కప్పు టక్కుమని ఊరుకుంది. ఇద్దరం విన్నాం.

"బాగానే ఉందండీ," అన్నాను.

"అబద్ధమాడకు. మోగనివి అమ్మకానికి పనికిరావని పనివాళ్లకి ఇచ్చేసేవాళ్లు. మా ఇంట్లో మోగే కప్పు ఒక్కటి కూడా ఉండేది కాదు," అని నవ్వారు.

ఇందాక అందులోనే టీ తాగాను. చుక్క కారలేదు. తాగాక, ఎవరూ చెప్పకుండానే, కప్పు తిరగేసి చూశాను.