బతుకమ్మ చీర వచ్చిన వేళ

జనగామ తాలూకా, 1950

తమ్ముడూ,

గార్ల నుంచి నువ్వు పంపిన పార్సిల్ మంగళవారం చేరింది. ఇంకే రోజూ దొరకనట్టు, క్యాంపు పోలీసులు ఇల్లు సోదా చేస్తుంటేనే టపా జవాను తెచ్చాడు. జమేదారే విప్పాడు. బతుకమ్మకు ఎర్రచీర, డజను గాజులు, పసుపు, కుంకుమ.

"మొగడు సచ్చినదానికి గాజులు ఎవడు పంపిండే?" అన్నాడు.

కమ్యూనిస్టు దళంలో ఉన్న మీ బావను వెతకడం మానుతారని, బొంబాయిలో కలరాతో పోయాడని ఎండాకాలంలోనే చాటాను. కళ్లకు ఉల్లిగడ్డ రాసుకుని, ఊరి ముందర గాజులు పగలగొట్టుకున్నాను. ఉత్తరాలు విప్పి చదువుతారని నీకు రాయలేదు. తప్పు నాదే. అయినా కోపం నీ మీదే వస్తోంది.

"మా తమ్మునికి సావు కబురు తెల్వది సారూ" అన్నాను.

"అయితే ఐతారం లోపల నీ తమ్ముణ్ణి పిలువు. లేకుంటే నువ్వే క్యాంపుకు రావాలె."

ఈ ఉత్తరం పక్కింటి యాదమ్మ చేతికిచ్చి పంపుతున్నాను. చదివి పొయ్యిలో వెయ్యి. ఆదివారం లోపే రా, ఈసారి పుట్టింటి తెల్లచీర నీ చేతులతోనే తే. కబురెందుకు చెయ్యలేదని క్యాంపు ముందు నన్ను తిట్టు. గట్టిగా ఏడువు.

ఉల్లిగడ్డ లేకుండా నేనింకా ఏడవలేదు. మీ బావ జాడ తెలియక మూడు నెలలైంది. ఏడిస్తే నిజమవుతుందేమోనని భయం.

మీ అక్క