వాన లేని వరద

చిరంజీవి గెర్డాకు,
ఈ ఉదయం ఇక్కడ ఎడారి అంచున మారీ అనే చిన్న ఊళ్ళో ఒక మనిషిని మట్టికి అప్పగించాము. ఆ అంత్య ప్రార్థన నేనే చదవవలసి రావడం నాకు విధించిన శిక్ష అని తెలిసి ఈ కార్డు రాస్తున్నాను.

అతని పేరు మెర్విన్. పది రోజుల క్రితం, నేనూ మీ అమ్మా బస చేసిన చోట మా పక్కనే తన క్యాంపర్‌వ్యాన్ ఆపి, ఉత్తరాన మట్టిదారి ఎలా ఉందని అడిగాడు. ఆకాశంలో మబ్బుతునకైనా లేదు. నిశ్చింతగా వెళ్ళమన్నాను. "పాస్టరుగారే చెప్పాక ఇంక తిరుగేముంది!" అని నవ్వుతూ కదిలాడు. ఎక్కడో మూడు వందల కిలోమీటర్ల ఎగువన కురిసిన వాన ఆ సాయంత్రమే ఎండువాగులోకి దిగి, దాటుతున్న వ్యాన్‌ను ఈడ్చుకుపోయింది.

దారి చదును చేసే యంత్రం నడిపే క్లారీ శవాన్ని వెదకి తీశాడు. "నలభై ఏళ్ళు ఈ నేల మీద తిరిగారు కదండీ! వాన పైనుంచే పడుతుందనుకున్నారా? ఇక్కడది నడిచొస్తుంది," అన్నాడు.

దారి బాగుందని కిందటి కార్డులో రాశాను. నీ కొడుకు క్లెమ్ ఆ మాట నమ్మి వ్యాన్‌లో బయలుదేరుతాడేమో, వెంటనే ఆపు. ఎంత ఎండ కాసినా సరే, క్లారీని ఫోనులో అడగనిదే కదలనీయకు. అమ్మ మోకాలి మందు అయిపోయింది, టపాలో పంపు. కోళ్ళు గుడ్లు పెడుతున్నాయా?

మా తరువాత ఈ దారిన వచ్చే బిడ్డలకు, తెలియనిదాన్ని తెలియదని చెప్పగల పెద్దలు ఎదురగుదురు గాక.