పడుకుంటే పొడిగా ఉండే గాయం

డిపో మేనేజరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా గజ్జలోని ఆపరేషన్ గాయం నుండి నీరు కారుచుండగా 'ఫిట్' అని ఇచ్చిన సర్టిఫికెట్టును ఆపి, మరల పరీక్ష చేయించుట గురించి.

1. ఎడమ కాలికి రక్తం అందనందున గజ్జ వద్ద కోసి కృత్రిమ రక్తనాళం వేసినారు. కాలు దక్కినది. కోసిన చోట నీరు కారుట మాత్రం ఆగలేదు. అది చీము కాదనీ, లోపలి సన్నని నాళాలు తెగినందున వచ్చు లింఫ్ అనే ద్రవమనీ సర్జన్ గారు సెలవిచ్చినారు. "ఎక్కువ కదలకుండా ఉంటే మెల్లగా మానుతుంది. ఆ తడిలోంచి క్రిములు లోపలి గొట్టానికి పట్టాయంటే మాత్రం కాలు తీసేయాల్సి రావచ్చు" అన్నారు.

2. పడుకున్నచో గాయం పొడిగా నుండును. కూర్చున్నచో కారును. నాది కూర్చుని, ఎడమ కాలితో క్లచ్ తొక్కుచు చేయు ఉద్యోగం.

3. మెడికల్ బోర్డు నాడు నేనొక పొరపాటు చేసితిని. పెద్దల ముందుకు తడి కట్టుతో పోవుట మర్యాద కాదని కొత్త కట్టు వేయించుకొని, పిలుపు వచ్చువరకు వరండాలో బల్లపై పడుకొంటిని. లోపలా పడుకోబెట్టియే చూసినారు. డాక్టరు గారు "భేషుగ్గా ఉందే, ఇంక డ్యూటీ ఎక్కు" అని, నేను నోరు తెరిచేలోగా తరువాతి మనిషిని పిలిచినారు. వాదించు ఓపిక లేక వచ్చేసితిని.

4. సోమవారం చేరనిచో పేరు తీసివేయుదుమని నోటీసు అందినది. టైంకీపరు గారు "కారేది నీళ్లేగా, దానికింత రభసెందుకు" అన్నారు. నిజమే, నీళ్లే. ఆ నీళ్లతో ప్యాంటు తడిసి, సీటు తడిసి, నేను బండి దిగినప్పుడు జనం ఏమనుకుంటారో తమరే ఊహించండి. మనవలున్నవాణ్ణి. సిగ్గుగా ఉంది సార్. విసుగ్గా కూడా ఉంది.

కావున డిపోలో మూలనున్న ఏ పాత బస్సులోనైనా నన్నొక గంట డ్రైవరు సీటులో కూర్చోబెట్టి, పిదప గాయం చూడవలసినదిగా డాక్టరు గారిని ఆదేశింప ప్రార్థన. అంతవరకు సెలవు పొడిగించి, నా మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఎడమ కాలు దక్కించుకున్న డ్రైవరు

అయ్యా, నేను ఆయన భార్యను. కవరు అతికించమని ఇస్తే చదివాను. ఇందులో ఆయన రాయనిది ఒకటుంది. మీ జవాబు రాకపోయినా సోమవారం బండి ఎక్కేస్తారట. యూనిఫాం ప్యాంటు లోపల గుడ్డ వేసి కుట్టమన్నారు. నేను కుట్టనంటే అలిగి సూది తనే పట్టుకున్నారు. పొద్దుటి నుంచి కూర్చుని కుడుతున్నారు, కట్టు మళ్లీ తడిసింది. "లేవండి, కాసేపు పడుకోండి" అంటే "ఇదొక్కటి అవనీ" అంటున్నారు. నా మాట వినరు. ఇన్నేళ్ల ఉద్యోగంలో మీ ఆఫీసు మాట మాత్రం ఎప్పుడూ కాదనలేదు. రావద్దని చెప్పించండి.